విషం పట్టుకునే ఎంజైమే లేదు, అయినా చుంచెలుక బతకలేదు

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పంట మందుల విషంతో చేరినవాళ్లను లెక్కగడితే 8,040 మంది తేలారు. అందులో నూటికి 22 మందికి పైగా దక్కలేదు. 2005లో అచ్చయిన ఆ అధ్యయనాన్ని ఎప్పుడు తిరగేసినా గుండె బరువెక్కుతుంది. పత్తి పండే ఈ నేల మీద మోనోక్రోటోఫాస్ పేరు వినని రైతు ఇల్లు ఉండదు. అదీ, దాని వర్గంలోని క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివీ ఆర్గానోఫాస్ఫేట్లు. పురుగునైనా మనిషినైనా అవి దెబ్బకొట్టేది నరాల దగ్గరే.

నరానికీ కండరానికీ మధ్య చాలా సన్నని సందు ఉంటుంది. కండరం ముడుచుకోవాలంటే నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ సందులోకి విడుదలై, అవతలి వైపున్న గ్రాహకాలను తాకాలి. తాకిన మరుక్షణమే దాన్ని ముక్కలు చేసి తీసేయాలి కూడా. తీసేయకపోతే ఆదేశం ఆగదు. ఈ పని చేసే ఎంజైమ్ పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేట్ వెళ్లి ఈ ఎంజైమ్‌కే అతుక్కుంటుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, నోట్లో చొంగ ఆగదు, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరులాంటి స్రావం, కండరాల అదురు. చివరికి శ్వాస తీసే కండరాలే చేతులెత్తేస్తాయి. అట్రోపిన్ ఇచ్చేది అందుకే. అది ఆ గ్రాహకాల్లో కొన్నింటిని మూసేస్తుంది.

ఫార్మసీ, మెడిసిన్ విద్యార్థులు రెండో ఏటికల్లా నేర్చుకునే పాఠం ఇది. దీని నుంచి రెండు ఊహలు సహజంగా పుడతాయి. ఒకటి, అసిటైల్‌కోలినెస్టరేజ్ అసలే లేని జంతువు పుట్టి బతకలేదు. రెండు, ఒకవేళ బతికితే దాని మీద ఆర్గానోఫాస్ఫేట్ పనిచేయదు, ఎందుకంటే విషం అతుక్కోవడానికి ఎంజైమే లేదు కదా.

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఒక్సానా లాక్‌రిడ్జ్ బృందం ఆ ఎంజైమ్ జన్యువును తీసేసిన చుంచెలుకలను తయారుచేసి 2000లో ఫలితాలు ప్రకటించింది. అవి సజీవంగానే పుట్టాయి. ఒళ్లు వణుకుతుండేది, కండరాల్లో బలం ఉండేది కాదు, మామూలు మేత నమల్లేకపోయేవి. మొదట్లో అన్నీ పసితనంలోనే పోయాయి. తర్వాత ద్రవాహారం పెట్టి జాగ్రత్తగా సాకితే కొన్ని పెద్దవయ్యాయి. మొదటి ఊహ అక్కడ పోయింది.

రెండోదీ నిలవలేదు. 2001లో ప్రకటించిన ప్రయోగంలో ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబంలోనే అతి ప్రమాదకరమైన వీఎక్స్ అనే యుద్ధ విషాన్ని ఇచ్చి చూశారు. ఎంజైమ్ లేని చుంచెలుకలు తట్టుకోవడం అటుంచి, మామూలు చుంచెలుకల కంటే తక్కువ మోతాదుకే చనిపోయాయి. లక్షణాలు కూడా చాలావరకు ఆ విషానివే.

మరి విషం దేన్ని పట్టుకుంది? శరీరంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. రక్తంలో, కాలేయంలో, మెదడులో ఉంటుంది. దానికి ముఖ్యమైన పనేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. అసలు ఎంజైమ్ లేని చుంచెలుకలో అసిటైల్‌కోలిన్‌ను తీసేసే భారం మొత్తం దీని మీదే పడింది. ఉన్న ఆ ఒక్కదాన్నీ విషం పట్టుకునేసరికి ప్రాణం నిలవలేదు. ఈ రెండో ఎంజైమ్‌ను మాత్రమే అడ్డుకునే మందులు ఇచ్చినా ఆ చుంచెలుకలు చనిపోయాయి. మామూలు చుంచెలుకలు వాటిని తట్టుకున్నాయి.

మందు కొట్టి పడిపోయిన రైతును ఆసుపత్రికి తెస్తే రక్తం తీసి చేసే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష కొలిచేది ఈ రెండో ఎంజైమ్‌నే. విషం ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్నదానికి అది గుర్తు.

తెలుగు నేలకు సంబంధించి ఇందులో ఇంకో ముడి ఉంది. రెండో ఎంజైమ్ జన్యువును మాత్రమే తీసేసిన చుంచెలుకలను కూడా తర్వాత తయారుచేశారు. అవి చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. అచ్చం అలాంటి మనుషులు మన మధ్యే ఉన్నారు. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ దాదాపు ఉండదు. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఒకప్పటి ఒక జన్యు మార్పు ఆ సమాజంలో నిలిచిపోయింది. ఆ మార్పును గుర్తించిన 2006 నాటి పరిశోధనలోనూ లాక్‌రిడ్జ్ పేరు ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పెద్ద అధ్యయనం, మిగతా సమూహాలతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం సుమారు వంద రెట్లు ఎక్కువని అంచనా కట్టింది. వాళ్లకు రోజువారీ ఆరోగ్యంలో ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు విషయంలోనే చిక్కు. మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోవాల్సిన ఆ మందు, దాన్ని విరిచే ఎంజైమ్ లేక, గంటల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. అంతసేపూ మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. అందుకే తెలుగు ప్రాంతాల్లో ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు ఈ విషయం అడిగి తెలుసుకుంటారు. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి.

ఒక జన్యువు పనేమిటో తెలుసుకోవడానికి దాన్ని తీసేసి చూడటం అనే పద్ధతి మీద నాకు గౌరవం పెరిగింది ఇలాంటి ఫలితాలు చదివాకే. పాఠ్యపుస్తకం గీసిన బొమ్మలో లేని దారి ఒకటి బయటపడుతుంది.

తయారీ వెనుక పని

మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ 1981లో కేంబ్రిడ్జ్‌లో చుంచెలుక పిండం నుంచి మూలకణాలు తీసి ప్రయోగశాలలో పెంచగలిగారు. వాటిని ఇంకో పిండంలోకి ఎక్కిస్తే శరీరంలో ఏ భాగమైనా కాగలవు, వీర్యకణాలు, అండాలతో సహా. మరోవైపు అమెరికాలో మారియో కపెకి, ఆలివర్ స్మితీస్ ఎవరికి వారుగా ఒక విషయం రుజువు చేశారు. కణంలోకి పంపిన డీఎన్‌ఏ ముక్క, తనను పోలిన వరుస ఉన్న చోటు వెతుక్కుని అక్కడ చేరగలదు. చాలా అరుదుగా జరుగుతుంది, కానీ జరుగుతుంది. చెడగొట్టిన జన్యువు ముక్కను పంపి, ఆ అరుదైన కణాన్ని మందులతో ఏరి పట్టుకోవడం కపెకి సాధించిన కిటుకు. ఈ రెండు దారులూ కలిసి 1989లో మొదటి నాకౌట్ చుంచెలుకలు, అంటే ఎంచుకున్న జన్యువును తీసేసినవి, వచ్చాయి. ఎవాన్స్, కపెకి, స్మితీస్ ముగ్గురికీ 2007లో నోబెల్ దక్కింది.

ఇంతా చేసి, మార్చిన కణాలను పిండంలోకి ఎక్కిస్తే పుట్టేది సగం సగం జంతువు. ఒంటి మీద రెండు రంగుల మచ్చలతో ఉంటుంది. దాని వీర్యంలో మారిన జన్యువు ఉంటే తర్వాతి కాన్పు పిల్లల్లో కొన్నింటికి ఒక ప్రతి వస్తుంది. అలాంటి ఆడ, మగలను జతకలిపితే పుట్టే నాలుగింట ఒకటి మాత్రమే రెండు ప్రతులూ చెడిన పిల్ల. ఈ పద్ధతిలో ఒక్క జన్యువుకు ఏడాది పైనే పట్టేది. డీఎన్‌ఏను కావాల్సిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక, 2013లో రుడాల్ఫ్ యానిష్ ప్రయోగశాల ఒకే దెబ్బతో పలు జన్యువులు మార్చిన చుంచెలుకలను నేరుగా పిండం దశలోనే తయారుచేసి చూపింది.

చుంచెలుకే ఎందుకంటే, ఇరవై రోజులకు ఈనుతుంది, రెండు నెలల లోపే పెద్దదవుతుంది. జన్యుపటం 2002లోనే వచ్చింది, మన జన్యువుల్లో అత్యధిక భాగానికి దానిలో జత ఉంది. అన్నాచెల్లెళ్లను తరాలుగా జతకలిపి సాధించిన వంశాల్లో ఏ రెండు చుంచెలుకలూ జన్యుపరంగా దాదాపు తేడా లేనివి. 1921లో సి.సి. లిటిల్ మొదలుపెట్టిన నల్ల చుంచెలుకల వంశం ఈ రోజుకీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మిగతా అంతా ఒకటే అయినప్పుడు, తేడా కనిపిస్తే మార్చిన జన్యువు వైపు వేలు చూపించొచ్చు. మెదడు విషయంలో మాత్రం పరిమాణం మరిచిపోకూడదు. దాని మెదడు అర గ్రాము కూడా ఉండదు, నరకణాలు సుమారు 7 కోట్లు. మనిషికి సుమారు 8,600 కోట్లు. భాగాలూ వాటి అమరికా చాలావరకు పోలి ఉంటాయి. మాట, లెక్క, రేపటి గురించిన ఆలోచన అందులో వెతకడం దండగ.

తీసేస్తే తెలిసేదెంత?

బోరు మోటారు స్టార్టర్‌లో ఒక వైరు పీకేస్తే నీళ్లు రావు. దాన్నిబట్టి ఆ వైరే నీళ్లు తోడుతోందని ఏ రైతూ అనడు. నాకౌట్ ఫలితాలు చదివేటప్పుడు మాత్రం చదువుకున్నవాళ్లం కూడా ఆ మాటే అనేస్తుంటాం. "జ్ఞాపకశక్తి జన్యువు దొరికింది" అని పత్రికలో శీర్షిక వస్తే నమ్మేస్తాం.

1992లో అల్సినో సిల్వా, సుసుము టొనెగావా బృందం చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. నరకణాల మధ్య సంధులు బలపడటంలో పాత్ర ఉందనుకున్న ఆల్ఫా కామ్‌కైనేజ్ జన్యువును తీసేశారు. ఆ చుంచెలుకలను మోరిస్ నీటి పరీక్షలో వదిలారు. పెద్ద గుండ్రటి తొట్టి, లోపల తెల్లగా కలిపిన నీళ్లు, నీటి మట్టానికి కాస్త కింద కనిపించని చిన్న గద్దె. గది గోడల మీద గుర్తులు చూసుకుంటూ గద్దె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. మామూలు చుంచెలుకలు కొన్ని రోజుల్లో నేర్చుకుంటాయి. ఇవి సరిగా నేర్వలేదు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగపు ముక్కల్లో సంధులు బలపడటమూ తగ్గింది. అణువుకూ జ్ఞాపకానికీ ముడి పడిందని శాస్త్రలోకం ఉప్పొంగింది. ఉప్పొంగడం సబబే.

సందేహాలు కూడా వెంటనే వచ్చాయి, అవీ సబబే. ఆ జన్యువు పిండం దశ నుంచే లేదు. ఎదిగే కాలంలోనే మెదడు తేడాగా అల్లుకుందేమో. లేదా గుర్తుంచుకోవడం బాగానే ఉండి, భయంతోనో బెదురుతోనో ఈదడం సరిగా రాలేదేమో. ఇంకా మొరటు కారణాలూ ఉంటాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే సీ3హెచ్, ఎఫ్‌వీబీ అనే వంశాల చుంచెలుకలకు రెటీనా పుట్టిన కొన్ని వారాల్లోనే పాడైపోతుంది. గుడ్డి జంతువును గోడ మీద గుర్తులు చూడమంటే ఏం చూస్తుంది? ఆ వంశంలో జన్యువు మార్చి, నీటి పరీక్షలో తప్పిందని జ్ఞాపకం మీదకు నెట్టేస్తే తప్పు ఎవరిది? పేరున్న నల్ల వంశానికి కూడా వయసు మీరేకొద్దీ చెవుడు వస్తుంది.

1999లో జాన్ క్రాబ్ సహచరులతో కలిసి చేసిన పరీక్ష ఇంకా ఇబ్బంది పెట్టేది. ఆల్బనీ, పోర్ట్‌లాండ్, కెనడాలోని ఎడ్మంటన్, మూడు చోట్లా ఒకే వంశాలు, ఒకే వయసు, ఒకే పరికరాలు, ఒకే సమయపాలన. అయినా కొన్ని ప్రవర్తనా పరీక్షల్లో ఒక చోట వచ్చిన ఫలితం ఇంకో చోట రాలేదు. పెద్ద తేడాలు నిలిచాయి, చిన్న తేడాలు ప్రయోగశాలను బట్టి మారాయి. ఈ రంగంలో పనిచేయాలనుకునే ప్రతి విద్యార్థీ మొదటి రోజే ఈ పేపరు చదవాలని నా గట్టి అభిప్రాయం.

పిండం నుంచే లేకపోవడం అన్న చిక్కును విప్పింది క్రె, లాక్స్‌పీ జోడీ. క్రె అనేది బ్యాక్టీరియాను పట్టే ఒక వైరస్‌లోని ఎంజైమ్. లాక్స్‌పీ అనే 34 అక్షరాల డీఎన్‌ఏ వరుస రెండు చోట్ల కనిపిస్తే, మధ్యలో ఉన్నదాన్ని క్రె కత్తిరించి పారేస్తుంది. కాబట్టి ఒక చుంచెలుకలో జన్యువుకు అటూ ఇటూ లాక్స్‌పీ పెడతారు, జన్యువు మామూలుగానే పనిచేస్తుంటుంది. ఇంకో చుంచెలుకలో క్రె మెదడులోని ఒక రకం కణాల్లోనే తయారయ్యేలా చేస్తారు. రెండింటినీ కలిపితే పుట్టే పిల్లలో ఆ కణాల్లో మాత్రమే జన్యువు పోతుంది. టామాక్సిఫెన్ మందు ఇస్తే తప్ప పనిచేయని క్రె కూడా ఉంది, అప్పుడు పెద్దయ్యాక మనకు కావాల్సిన రోజున జన్యువును తీసేయొచ్చు.

జో చిన్, టొనెగావా ప్రయోగశాలలో ఉండగా 1996లో ఈ పద్ధతితో హిప్పోకాంపస్‌లోని సీఏ1 అనే ప్రాంతంలో మాత్రమే, నరకణాల సంధులు బలపడటానికి కావాల్సిన ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని తీసేశారు. శరీరం అంతటా తీసేస్తే పుట్టిన వెంటనే చనిపోతాయి, ఇవి మాత్రం ఎదిగాయి. నీటి పరీక్షలో మళ్లీ చోటు గుర్తుంచుకోలేకపోయాయి. ఈసారి వేలు చూపించాల్సిన చోటు చాలా చిన్నది. 1992 నాటి వాదనకు అలా బలం వచ్చింది.

మన ఫార్మసీ కాలేజీల్లో జ్ఞాపకశక్తి మందులు పరీక్షించేటప్పుడు ఎక్కువగా స్కోపోలమైన్ ఇస్తారు. అది అసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కాసేపు మూసేసి చుంచెలుకను మతిమరుపులోకి నెడుతుంది. హనుమకొండలో చదివే విద్యార్థికి కొద్దిపాటి ఖర్చుతో చేయగలిగిన పని అది, ఎంఫార్మ్ ప్రాజెక్టుకు సరిపోతుంది కూడా. కానీ మందు మెదడంతా పాకుతుంది, గుండెకీ పేగులకీ వెళ్తుంది. ఎక్కడ మూసినందుకు మతిమరుపు వచ్చిందో చెప్పలేం. జన్యువు మార్చిన చుంచెలుక ఖరీదు అక్కడే న్యాయమవుతుంది.

వెలుతురు పెట్టి అడగడం

తీసేయడం ఒక దారి. కావాల్సిన కణాలను కావాల్సిన క్షణంలో ఉత్తేజపరచడం ఇంకో దారి. ఇంటర్ బాటనీలో క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం చదువుకున్నాం. దానికి వెలుతురు వైపు ఈదడంలో సాయపడే ఒక ప్రోటీన్ ఉంది, చానల్‌రొడాప్సిన్. నీలి కాంతి పడితే తెరుచుకుని కణంలోకి అయాన్లను పంపుతుంది. ఆ శైవలం జన్యువును నరకణంలో పెడితే, కాంతి పడినప్పుడు ఆ కణం స్పందిస్తుందని 2005లో ఎడ్వర్డ్ బాయ్డెన్, కార్ల్ డైసెరోత్, సహచరులు చూపారు. సన్నని గాజు తీగ ద్వారా మెదడులోకి కాంతి పంపి, తిరుగుతున్న చుంచెలుకలో ఒకే రకం కణాలను పనిచేయించడం అప్పటి నుంచి మొదలైంది.

దీంతో జరిగిన ప్రయోగాల్లో నన్ను నిలబెట్టేసింది 2012 నాటిది. టొనెగావా ప్రయోగశాలలో శూ ల్యూ, స్టీవ్ రామిరెజ్, ఒక గదిలో చుంచెలుకకు స్వల్ప విద్యుత్ షాక్ ఇచ్చారు. ఆ సమయంలో హిప్పోకాంపస్‌లో చురుగ్గా ఉన్న కణాల్లో మాత్రమే చానల్‌రొడాప్సిన్ తయారయ్యేలా ముందే జన్యువు మార్చి పెట్టారు. తర్వాత ఏ షాకూ లేని వేరే గదిలో ఆ కణాల మీద కాంతి వేయగానే చుంచెలుక బిగుసుకుపోయింది. భయపడ్డప్పుడు అవి చేసే పని అదే. మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. షాక్ ఎప్పుడూ తగలని గది జ్ఞాపకాన్ని కాంతితో లేపుతూ, ఇంకోచోట షాక్ ఇస్తే, తర్వాత ఆ మొదటి గదిలో కూడా చుంచెలుక భయపడింది. జరగని సంఘటన జ్ఞాపకంలోకి చేరింది. చూసినట్టు ప్రమాణం చేసి, తప్పు మనిషిని గుర్తుపట్టే సాక్షుల గురించి ఆలోచించేవాళ్లకు ఈ ఫలితం పట్టించుకోదగ్గది. అయితే చుంచెలుక బిగుసుకుపోవడం, మనిషి ఒక రోజును తలుచుకోవడం ఒకటేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కణం ఉత్తేజితమైనప్పుడు మెరిసే ప్రోటీన్లు కూడా ఇలాగే జన్యువు రూపంలో పెడతారు. అలాంటి ఒక చుంచెలుక మెదడులో చూపు సంగతి చూసే పైపొర, దృశ్య వల్కలంలోని ఒక ఘనపు మిల్లీమీటరును సన్నగా కోసి పటం గీసిన పని 2025 ఏప్రిల్‌లో వెలువడింది. 2 లక్షలకు పైగా కణాలు, 52 కోట్లకు పైగా సంధులు. అది ఒక్క ఘనపు మిల్లీమీటరే.

చుంచెలుకలో నయమై, మనిషిలో కాకపోతే

అల్జీమర్స్ చుంచెలుకలకు సహజంగా రాదు. మనుషుల్లో కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే ఈ జబ్బు తెచ్చే మార్పులున్న మానవ జన్యువును వాటిలో పెట్టి, 1995 నుంచి నమూనాలు తయారుచేశారు. వాటి మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలు పడతాయి, జ్ఞాపకం తగ్గుతుంది. కానీ మనిషి మెదడులో జరిగినంతగా నరకణాలు చనిపోవడం చాలా నమూనాల్లో కనిపించదు. 1999లో ఆ చుంచెలుకలకు ఒక టీకా వేస్తే గడ్డలు తగ్గిపోయాయి. ప్రపంచమంతా ఆశపడింది. మనుషుల మీద ప్రయోగం మొదలైంది, 2002లో ఆపేయాల్సి వచ్చింది. టీకా వేయించుకున్న దాదాపు 300 మందిలో 18 మందికి మెదడు, దాని పొరలు వాచాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు గడ్డలను తీసేసే మందులు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్, 18 నెలల్లో జబ్బు ముదరడాన్ని సుమారు 27 శాతం నెమ్మదింపజేసింది. నయం చేయలేదు. చుంచెలుకలు అబద్ధం చెప్పాయని కొందరు తిట్టారు. గడ్డలు ఎలా పడతాయి, ఎలా పోతాయి అని అడిగితే వాటికి అవి సరిగ్గానే జవాబిచ్చాయి. డెబ్బై ఏళ్ల మనిషి మెదడులో ఇరవై ఏళ్లుగా సాగిన నష్టం వెనక్కి వస్తుందా అన్న ప్రశ్నను ఏడాది వయసు చుంచెలుకను అడగడంలోనే పొరపాటు ఉంది.

జంతువుల బాధ గురించి మాట్లాడకుండా ఈ విషయం ముగించడం సరికాదు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద, 1998 నియమాల ప్రకారం, ప్రతి సంస్థలోనూ ఒక జంతు నైతిక సంఘం ఉండాలి. ప్రయోగం ఎందుకు, ఎన్ని జంతువులు, నొప్పి ఎలా తగ్గిస్తారు అన్నది ముందే రాసి అనుమతి తీసుకోవాలి. జన్యు మార్పుల విషయంలో లెక్క ఇంకా కఠినంగా ఉండాలని నా అభిప్రాయం. నాలుగింట ఒకటే కావాల్సిన పిల్ల అయినప్పుడు మిగతావి కూడా పుట్టి పెరిగి చనిపోతాయి. నమల్లేక ద్రవాహారంతో బతికిన ఆ నెబ్రాస్కా చుంచెలుకలకు పుట్టుకతోనే జబ్బు. కొత్త మందుల పరీక్షల్లో జంతువులు లేని పద్ధతులను కూడా అంగీకరిస్తూ 2023లో మన నియమాలు మారాయి, మంచిదే. కాలేయం మీద మందు విషప్రభావాన్ని కణాల్లో చూడొచ్చు. నడక, భయం, దారి గుర్తుంచుకోవడం మాత్రం బతికున్న జంతువులో తప్ప ఇంకా చూడలేకపోతున్నాం.

పదహారు కోట్ల మందు వెనుక

వెన్నెముక కండర క్షీణత, డాక్టర్లు ఎస్‌ఎంఏ అంటారు, తెలంగాణలో చాలామందికి తెలిసింది విరాళాల అభ్యర్థనల వల్లే. పసిబిడ్డ ఫోటో, ఒక్క ఇంజెక్షన్‌కు 16 కోట్లు అన్న మాట. ఆ ఇంజెక్షన్ చరిత్రలో జన్యువు మార్చిన చుంచెలుక లేకుండా ఒక్క అడుగూ పడలేదు.

ఈ జబ్బులో ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు పనిచేయదు. వెన్నుపాములో కండరాలను నడిపే నరకణాలు చనిపోతాయి. మనుషులకు దాని పక్కనే దాదాపు అదేలాంటి ఎస్‌ఎంఎన్2 ఉంది, కానీ ఒక్క అక్షరం తేడా వల్ల అది చేసే ప్రోటీన్‌లో కొంచెమే పనికొస్తుంది. చుంచెలుకకు ఈ రెండోది లేదు. అందుకే దాని ఒకే ఒక్క జన్యువును తీసేస్తే పిండం మొదటి రోజుల్లోనే పోయింది. జబ్బును చూడటానికే జంతువు మిగలలేదు. 2000లో తైవాన్‌లో ఒక బృందం, అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంకో బృందం, మానవ ఎస్‌ఎంఎన్2 జన్యువును చుంచెలుకలో పెట్టారు. రెండు ప్రతులు ఉన్నవి పుట్టి కొద్ది రోజుల్లో జబ్బుతో చనిపోయాయి. ఎనిమిది ప్రతులు ఉన్నవి మామూలుగా బతికాయి. అంటే ఎస్‌ఎంఎన్2 నుంచి ఇంకాస్త ప్రోటీన్ రాబట్టగలిగితే చాలు, జబ్బు ఆగుతుంది. 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన నుసినెర్సెన్, 2020లో వచ్చిన రిస్డిప్లామ్, రెండూ ఆ ఫలితం చూపిన దారిలోనివే.

16 కోట్ల మందు వేరే దారి. వైరస్ ద్వారా ఎస్‌ఎంఎన్1 జన్యువునే పంపడం. 2010లో దాన్ని జబ్బు చుంచెలుకల మీద పరీక్షించినప్పుడు తేలిన విషయం అన్నింటికంటే విలువైనది. చికిత్స లేకపోతే అవి రెండు వారాల్లో చనిపోతాయి. పుట్టిన తొలి రోజునే మందు ఇచ్చినవి 250 రోజులు దాటి బతికాయి. ఐదో రోజున ఇస్తే కొంతే ఫలితం. పదో రోజున ఇస్తే దాదాపు ఏమీ లేదు. అదే మందు, అదే మోతాదు.

మనుషుల్లోనూ దాని ఛాయలే కనిపించాయి. లక్షణాలు మొదలవకముందే, పుట్టిన ఆరు వారాల లోపు నుసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది శిశువుల్లో 22 మంది తర్వాత సొంతంగా నడిచారు. జబ్బు తీవ్ర రూపంలో చికిత్స లేని పిల్లలు కూర్చోవడం కూడా చూడం. చాలా దేశాల్లో ఇప్పుడు పుట్టిన బిడ్డ మడమ రక్తపు చుక్కతో ఈ పరీక్ష చేస్తున్నారు. మన దగ్గర ప్రతి బిడ్డకూ అది జరగడం లేదు. మెడ నిలపడం లేదని తల్లి గమనించి, ఊరి డాక్టరు దగ్గర నుంచి హనుమకొండకూ, అక్కడి నుంచి హైదరాబాద్‌కూ తిరిగి పేరు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. విరాళాలు కూడేసరికి ఇంకొన్ని.

ఈ జబ్బు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ చెడిన ప్రతిని మోస్తుండాలి. ప్రపంచంలో సుమారు 40 నుంచి 60 మందిలో ఒకరు అలా మోస్తుంటారు, వాళ్లకు ఏ లక్షణమూ ఉండదు. మేనరికం పెళ్లిళ్లలో ఇద్దరూ మోసే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఒక బిడ్డకు ఎస్‌ఎంఏ ఉన్నట్టు తేలితే ఆ దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కుటుంబంలో ఒక్కరికి ఉన్నా, దగ్గరి బంధువులు పెళ్లికి ముందో గర్భం తొలి నెలల్లోనో రక్త పరీక్ష చేయించుకోవచ్చు. గర్భం పది నుంచి పదమూడు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతీ తెలుసుకోవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల జన్యు సలహా దొరుకుతుంది. అలా ముందే తెలిసిన బిడ్డకు చికిత్స నెలల తర్వాత కాకుండా మొదటి వారాల్లోనే మొదలవుతుంది.